ఆర్మీనియన్ వీధిలోని కపూచిన్ దేవాలయము

ఫ్రాన్సిస్కన్ సన్యాసుల మఠములను, దేవాలయములను చూడదలచినవారు సాధారణముగా గోవాకు వెళ్తారు. మేము మా చరిత్ర విద్యార్థులను వెంటబెట్టుకొని రాజమహేంద్రవరము నుండి చెన్నైకి వెళ్ళినాము. ఆ సన్యాసులలో ఒకరు గోల్కొండ, మచిలీపట్నముల మీదుగా అక్కడికి చేరినారు గనుక ఆ కథలో మన తెలుగు దేశమునకు కూడ పాలున్నది.

జార్జిటౌనులో ఆర్మీనియన్ వీధి ఉన్నది. ఆర్మీనియను వర్తకుల పేరు తమిళుల నోట 'అరణ్మనైక్కారన్', అనగా రాజభవనమువాడు, అయినది! ఆ వీధిలోని సెయింట్ మేరీ కో-కథీడ్రల్ ద్వారమున 1642 అను అంకె కనిపిస్తుంది. అది కట్టడము వయస్సు కాదు. ఇప్పటి కట్టడము పద్దెనిమిదవ శతాబ్దపుది. 1642 కపూచిన్ సన్యాసులు మద్రాసులో అడుగిడిన సంవత్సరము. కపూచిన్లు ఫ్రాన్సిస్ మహనీయుని సంప్రదాయములో పదహారవ శతాబ్దమున ఏర్పడిన శాఖవారు. వారు ధరించే కోసు టోపీని బట్టి ఆ పేరు వచ్చినది.

ద్వారము దగ్గర మా విద్యార్థి ఒకడు ఆగిపోయి, "సార్, మనము లోనికి వెళ్ళవచ్చునా?" అని అడిగినాడు. అతని కంఠములో బెరుకు ఉన్నది. వెంటనే జవాబు చెప్పక, అందరినీ నీడన నిలబెట్టి ఎఫ్రెమ్ ద నెవెర్ వృత్తాంతము చెప్పినాము.

ఎఫ్రెమ్ ఫ్రెంచి దేశీయుడు. బర్మాలోని పెగూకు ప్రయాణమై గోల్కొండ వచ్చినాడు. అక్కడ సుల్తాను బంధువొకరు ఆయన పాండిత్యమునకు సంతోషించి, ఇల్లు, దేవాలయము కట్టించి ఇస్తాము, ఉండిపొమ్మని కోరినట్లు వజ్రాల వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథములో వ్రాసినాడు. ఎఫ్రెమ్ ఉండలేదు. మచిలీపట్నములో ఓడ దొరకక, ఆంగ్లేయుల ఆహ్వానముపై మద్రాసు చేరినాడు. దామెర్ల వేంకటాద్రి నాయకుడు 1639లో ఆ స్థలము కంపెనీకి ఇచ్చి అప్పటికి మూడేళ్ళే. కోటలో కాపురమున్న కాథలిక్కులు పూజ కొరకు పోర్చుగీసువారి శాంథోముకు పోకుండ ఆపుటకు కంపెనీకి ఒక గురువు కావలసి వచ్చినాడు. ఎఫ్రెమ్ తన ఇంటిలోనే పిల్లలకు చదువు చెప్పినాడు. నగరములో ఐరోపా పద్ధతి బడులకు అదే మొదలని చరిత్రకారులు చెబుతారు.

పోర్చుగీసువారికి ఇది గిట్టలేదు. 1649లో శాంథోములో ఆయనను పట్టి, మతద్రోహము మోపి, గోవాలోని ఇంక్విజిషన్ చెరకు పంపినారు. స్వమతస్థులే సంకెల వేసినారన్నమాట. అప్పటికి చెన్నపట్నపు ప్రాంతము గోల్కొండ ఏలుబడిలోనికి వచ్చినది. అబ్దుల్లా కుతుబ్ షా, కర్ణాటకములో యుద్ధము చేస్తున్న మీర్ జుమ్లాకు ఆజ్ఞ పంపినాడట: రెండు నెలలలో ఆ సన్యాసిని విడిపించుటకు మాట ఇవ్వకున్న శాంథోమును ముట్టడించి కాల్చివేయవలెనని. చివరకు విడుదల ఆజ్ఞ వచ్చినది. అయితే గోవాలోని సన్యాసులందరు ఊరేగింపుగా వచ్చి తీసికొనిపోతే గాని ఎఫ్రెమ్ చెరసాల గడప దాటలేదని తావెర్నియే వ్రాసినాడు. ఈ పట్టుదల మాకు మిక్కిలి నచ్చినది.

"సుల్తాను చేసినది దయా, రాజనీతియా?" అని మరియొక విద్యార్థి అడిగినాడు. రెండును అని మా అభిప్రాయము. తీరమున పోర్చుగీసువారి బలము తగ్గుట గోల్కొండకు లాభమే. మన పాలకుని గొప్పగా చెప్పుకొనవలెనను ఆశతో ఆ లాభమును దాచిపెట్టరాదు. కాని ఒక బీద సన్యాసి కొరకు ఒక రేవునే ముట్టడింతునని బెదిరించుటకు లాభమొక్కటే చాలదు. గోల్కొండలో ఆయనకు జరిగిన ఆదరమును కూడ లెక్కలో వేయవలెను.

ఆ తరువాత లోనికి వెళ్ళినాము. మొదట ఆగిన విద్యార్థి బల్లల నడుమ చాలసేపు నిలబడి, కాగితముపై 1642 అని వ్రాసికొని దాని క్రింద గీత గీసినాడు. బయటికి వచ్చుసరికి అంతోనియార్ మందిరము ముందు జనము క్రిక్కిరిసి ఉన్నారు. ఈ పునీతుడు కూడ ఫ్రాన్సిస్కనే. అది మంగళవారము, అన్ని మతములవారును ఆ దినమున అక్కడికి వస్తారు. నల్లని బురఖాలో ఒక తల్లి, జ్వరముతో ఉన్న బిడ్డను భుజాన వేసికొని, వరుసలో నిలబడి ఉన్నది.