పవర్ వీడర్ కార్బురేటర్ ఇంట్లోనే కడుగుతున్నారా? పెట్రోల్ గిన్నె ముందు పెట్టుకునే ముందు ఇది చదవండి

మందులు మానేసిన మనలాంటి వాళ్లకి అసలు పని కలుపు దగ్గరే. గడ్డిమందు కొట్టం కాబట్టి, రెండెకరాలు దాటితే పవర్ వీడరో బ్రష్ కట్టరో లేకుండా గడవదు. ఆ యంత్రం ఆరు నెలలు షెడ్డులో పడుకుని, తొలకరి పడి పని మొదలయ్యే రోజున ఎంత తాడు లాగినా స్టార్ట్ అవదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే రెండు మూడు రోజులు అక్కడే. అందుకని మనమే విప్పి కడుక్కుంటాం. పైన వీడియోలో కార్బురేటర్ ఎలా విప్పాలో, ఎలా బిగించాలో చూపించాను. దేంతో కడగాలి, ఎక్కడ కూర్చుని కడగాలి, కడిగిన మురికి ఎక్కడ పారబోయాలి అన్నది వీడియోలో రెండు ముక్కల్లో దాటేశాను. అది సరిపోదు. ఎందుకు సరిపోదో మా ఇంట్లో జరిగింది చెప్తే అర్థమవుతుంది.

నాలుగేళ్ల కిందటి మాట. సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని, స్టీలు గిన్నెలో అర లీటరు పెట్రోల్ పోసి కార్బురేటర్ భాగాలు నానేశాను. మా బావమరిది పక్కన కూర్చుని పాత పళ్ల బ్రష్షుతో రుద్దుతున్నాడు. నీళ్లు కాగే పొయ్యి మాకు పదిహేను అడుగుల దూరంలో, అరుగుకి దిగువన ఉంది. అంత దూరం ఉంది కదా అనుకున్నాం. మా దగ్గర బీడీ లేదు, అగ్గిపెట్టె లేదు. ఉన్నట్టుండి పొయ్యి వైపు నుంచి నేల మీద మంట పాకుతూ వచ్చి గిన్నెని అంటుకుంది. కంగారులో వాడు గిన్నెని కాలితో తన్నాడు. పెట్రోల్ ఒలికి పాదానికి మంట అంటుకుంది. నేను బిందెడు నీళ్లు గుమ్మరించాను. మంట ఆరలేదు సరికదా, నీళ్ల మీద తేలుకుంటూ గడప దాకా పోయింది. చివరికి మా అమ్మ కుడితి తొట్టి దగ్గర తడిసి పడున్న గోనెసంచి తెచ్చి కప్పింది, అప్పుడు ఆరింది. వాడికి నెల రోజులు పాదానికి కట్టు. ఆ ఏడు నాట్లకి దిగలేకపోయాడు.

నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి. యంత్రాల సబ్జెక్టు పాసైనవాణ్ణే. పెట్రోల్ ఎలా మండుతుందో పరీక్షలో రాశాను కూడా. అరుగు మీద కూర్చున్నప్పుడు అది గుర్తు రాలేదు.

మండేది పెట్రోల్ కాదు, దాని ఆవిరి

గ్రీజును, జిడ్డును, ఎండిపోయిన పెట్రోల్ జిగురును కరిగించే ద్రవాలనే సాల్వెంట్లు అంటారు. మన ఇళ్లలో దొరికేవి పెట్రోల్, డీజిల్, పాత నిల్వ ఉంటే కిరోసిన్, పెయింట్ థిన్నర్, ఇంకా షాపులో డబ్బాలో అమ్మే కార్బురేటర్ క్లీనర్ స్ప్రే. అన్నీ జిడ్డు తీస్తాయి. తేడా అంతా ఎంత తొందరగా ఆవిరవుతాయి అన్న దగ్గరే ఉంది.

పెట్రోల్ మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. అంటే మన ఊళ్లో అది ఆవిరి వదలని రోజంటూ లేదు. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పొగలాగా పైకి పోదు, నీళ్లలాగా పల్లానికి జారి నేల బారున పాకుతుంది. నూరు పాళ్ల గాలిలో ఒకటిన్నర పాలు ఆవిరి కలిస్తే చాలు, నిప్పు తగిలితే అంటుకుంటుంది. మా పొయ్యి దిగువన ఉండటమే మా కొంప ముంచింది. ఆవిరి అరుగు దిగి పొయ్యి దాకా పోయింది, మంట అదే దారిలో వెనక్కి వచ్చింది.

కిరోసిన్‌కి ఆ అంటుకునే వేడి సుమారు 38 డిగ్రీలు. డీజిల్‌కి అంతకంటే ఎక్కువ కావాలి. అందుకే వీటిని నెమ్మది సరుకు అంటారు. కానీ ఒక మాట. రెంటచింతల, రామగుండం వైపు మే నెలలో గాలే 45 డిగ్రీలు ఉంటుంది. ఎండలో పెట్టిన ఇనప తట్ట ఇంకా వేడి. ఆ తట్టలో పోసిన కిరోసిన్ జనవరిలో కిరోసిన్ లాంటిది కాదు, దాదాపు పెట్రోల్ లెక్కే. పుస్తకాల్లో కిరోసిన్ సేఫ్ అని రాసింది చల్లటి దేశాల లెక్క. మనం వేసవిలో ఈ పని పొద్దున్నే, నీడలో చేసుకోవాలి.

రేషన్ కిరోసిన్ ఆగిపోయాకే మనవాళ్లు ఎక్కువగా పెట్రోల్‌కి మారారని నా అనుమానం. మా నాన్న తరం కిరోసిన్‌తోనే కడిగేవాళ్లు. ఇప్పుడు బండి ట్యాంకులో ఉన్నది పెట్రోల్ కాబట్టి చేయి అటే పోతుంది. దయచేసి ఆ అలవాటు మానండి. ఇంట్లో డీజిల్ ఉంటే డీజిల్ వాడండి. అది ఆలస్యంగా పని చేస్తుంది, వాసన పోదు, అయినా సరే.

ఏ భాగానికి ఏది

ముందు అసలు సాల్వెంట్ అవసరం లేనివి పక్కన పెడదాం, సగం పని అక్కడే తగ్గుతుంది. యంత్రం పైన పట్టిన మట్టి, జిడ్డు కలిసిన పొర వేడి నీళ్లు, కుంకుడు రసంతో పోతుంది. రెండుసార్లు రుద్దాలి, అంతే. స్పాంజి ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే: కుంకుడు రసంలోనో సబ్బు నీళ్లలోనో పిసికి, పిండి, నీడలో బాగా ఆరబెట్టి, నాలుగు చుక్కలు ఇంజన్ ఆయిల్ పట్టించి బిగించాలి. పెట్రోల్‌లో ముంచితే స్పాంజి పొడి పొడిగా రాలిపోతుంది. కాగితం ఫిల్టర్‌ని దేంతోనూ కడగకూడదు, దులపాలి, లేదంటే కొత్తది వేయాలి. జీవామృతం కొట్టే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బ్రష్షుతో తీయండి. పెట్రోల్‌లో వేస్తే లోపలి రబ్బరు వాషర్ ఉబ్బి, బిగించాక కారుతుంది.

"మనం ప్రకృతి వ్యవసాయం కదా, కార్బురేటర్ కూడా కుంకుడుతోనే కడగొచ్చా?" అని అడుగుతారు. నేనూ ప్రయత్నించాను. కుదరదు. లోపల పట్టేది మట్టి కాదు, పెట్రోల్ ఎండిపోయి లక్కలా గట్టిపడిన పొర. దానికి సాల్వెంటే కావాలి.

గేర్లు, చైను, డీజిల్ ఇంజన్ ఆయిల్ బాత్ ఫిల్టర్ గిన్నె, బేరింగ్ లాంటి బరువు జిడ్డు పట్టినవన్నీ డీజిల్‌తో. కార్బురేటర్ జెట్లకి మాత్రం క్లీనర్ స్ప్రే. అదీ మండేదే, కాకపోతే నాలుగు చుక్కలతో పని అయిపోతుంది, గిన్నె నిండా ఆవిరి పెట్టుకుని కూర్చోనక్కర్లేదు. స్ప్రే కొట్టే ముందు ఫ్లోటు, రబ్బరు వాషర్లు, డయాఫ్రమ్ తీసి పక్కన పెట్టండి. కళ్లద్దాలు తప్పనిసరి. ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రం నుంచి నేరుగా కంట్లోకి చిమ్ముతుంది. పడితే పదిహేను నిమిషాలు మంచి నీళ్లతో కడుగుతూనే ఉండాలి, తర్వాత డాక్టరు. జెట్ రంధ్రంలో పిన్నీసు పెట్టి పొడవకండి. అది ఇత్తడి, రంధ్రం పెద్దదైతే ఇంజన్ పెట్రోల్ తాగడం మొదలుపెడుతుంది. కరెంటు వైరులోని సన్న రాగి పోగు ఒకటి చాలు.

ఇంకొకటి. బాత్రూం యాసిడ్, కాస్టిక్ సోడా మాత్రం దగ్గరికి రానివ్వకండి. కార్బురేటర్, పిస్టన్ అల్యూమినియం. అవి దాన్ని తినేస్తాయి, పైగా మండే వాయువు వదులుతాయి. వర్క్‌షాపుల్లో దొరికే క్లోరిన్ రకం సాల్వెంట్‌తో కడిగిన భాగానికి వెల్డింగ్ పెడితే విషవాయువు పుడుతుంది. అది ఏ రకమో తెలియకపోతే వాడకండి.

కూర్చునే చోటు

ఇంట్లో, వరండాలో, మూసిన షెడ్డులో వద్దు. గాలి ఆడే ఆరుబయట, చెట్టు నీడన. పొయ్యి, దీపం, అగరబత్తి, మోటారు స్టార్టర్, ఇన్వర్టర్ వీటికి బాగా దూరంగా, వాటికంటే పల్లపు వైపు కూర్చోవాలి, గాలి మన నుంచి వాటి వైపు వీచకూడదు. స్టార్టర్ ఆన్ చేసినప్పుడు లోపల నిప్పురవ్వ వస్తుంది, అది కంటికి కనపడదు. ఇంజన్ చల్లారాకే మొదలుపెట్టండి, ముందు ప్లగ్గు వైరు పీకండి, పెట్రోల్ కాక్ మూసేయండి.

తట్ట ఇనపదో స్టీలుదో అయి ఉండాలి. ప్లాస్టిక్ టబ్బు వద్దు, థర్మాకోల్ పెట్టె అసలే వద్దు. అది పెట్రోల్‌లో కరిగి, అంటుకుంటే ఒంటికి అతుక్కుని మండే జిగురవుతుంది. పావు లీటరు మించి పోయకండి. డబ్బా మూత వెంటనే పెట్టి దూరంగా ఉంచండి. పక్కన ఒక బకెట్ ఇసుక, ఒక తడి గోనెసంచి. కుదిరితే రెండు కిలోల పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ కొనండి, పంట నూర్పిడి రోజుల్లో కూడా పనికొస్తుంది. మంట వస్తే నీళ్లు పోయొద్దు, గిన్నెని కదపొద్దు, కప్పేయండి.

ఎవరికైనా కాలితే పెట్రోల్ తడిసిన బట్ట తీసేసి, కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి నీళ్లు పారనివ్వండి. తర్వాత శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి. నెయ్యి, టూత్‌పేస్టు, ఇంకు ఏదీ రాయొద్దు. కలబంద మనకి ప్రాణమే, కానీ ఆ గంటలో అది కూడా వద్దు.

నోరు, ముక్కు, చేతులు

పైపు నోట్లో పెట్టుకుని పెట్రోల్ లాగడం మన ఊళ్లలో ప్రతి మగాడూ చేసే పని. నేనూ చేశాను. ఒక్క గుక్క లోపలికి పోయి దగ్గు వస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, అక్కడ కొద్దిగా చేరినా న్యుమోనియా లాంటి జబ్బు చేస్తుంది. చేత్తో నొక్కే ప్లాస్టిక్ పంపు కొనుక్కోండి. జెట్టుని నోటితో ఊదడం కూడా మానండి, సైకిల్ పంపుతో ఊదండి.

కండువా కట్టుకుంటే ఆవిరి ఆగుతుందనుకోవద్దు. కండువా గానీ, కరోనా అప్పటి మాస్కు గానీ ధూళిని ఆపుతాయి, ఆవిరిని ఆపవు. పెట్రోల్‌లో బెంజీన్ ఉంటుంది, అది క్యాన్సర్ కారకం. తల తిరిగినట్టుంటే లేచి గాలికి వెళ్లిపోండి. చేతులకి నీలం రంగు నైట్రైల్ గ్లౌజులు, తెల్ల లేటెక్స్‌వి పెట్రోల్‌కి ఉబ్బి చిరుగుతాయి. పని అయ్యాక చేతుల జిడ్డుని పెట్రోల్‌తో కడుక్కోకండి. ముందు రెండు చుక్కలు కొబ్బరినూనె పట్టించి రుద్ది, తర్వాత శనగపిండితో కడుగుతాం మేము. బాగా వదులుతుంది.

పిల్లలున్న ఇల్లయితే ఇది పదిసార్లు చదవండి. మిగిలిన డీజిలో పెట్రోలో మంచినీళ్ల సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి గూట్లో పెట్టకండి. దాహం వేసిన పిల్లాడికి అది నీళ్లే. తాగితే కక్కించకూడదు. ఉప్పు నీళ్లు, పాలు పోయకూడదు. కక్కేటప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, సీసా చేతపట్టుకుని ఆసుపత్రికి వెళ్లాలి, పిల్లాడు బాగానే ఉన్నట్టు కనిపించినా సరే.

కడిగిన మురికి

ఇక్కడ మనం మిగతా రైతుల కంటే ఇంకాస్త జాగ్రత్తగా ఉండాలి. ఏళ్ల తరబడి పెంచిన మట్టిలో, వానపాముల మీద, గట్టు పక్క ఆ అర లీటరు పోస్తే అక్కడ చాలాకాలం ఏదీ సరిగ్గా రాదు. బావి దగ్గరైతే ఇంకా దారుణం. కాలిన ఆయిల్ చెదలకి మంచిదని కంచె కర్రలకి పూసేవాళ్లు ఉన్నారు, వానకి అదంతా పొలంలోకే దిగుతుంది. ఆ పని చేసే కన్నా కర్ర మొదలు కాల్చి పాతుకోవడం మేలు.

నేను చేసేది ఇది. మురికి డీజిల్‌ని మూత ఉన్న ఇనప డబ్బాలో పోసి వారం కదపకుండా ఉంచుతాను. మడ్డి అడుక్కి దిగుతుంది, పైన తేరినది మళ్లీ కడగడానికి వాడతాను. మడ్డిని ఇంజన్ పాత ఆయిల్ డబ్బాతో కలిపి, వాడిన ఆయిల్ పోగుచేసి రీసైక్లర్‌కి ఇచ్చే గ్యారేజీలో ఇస్తాను. వాడిన ఆయిల్ 2016 నిబంధనల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, పారబోయకూడదు. నేల మీద ఒలికితే ఊక పోసి పీల్చనిచ్చి, ఆ ఊకని కూడా అదే డబ్బాతో పంపాలి. కంపోస్టులో వేయొద్దు, పొయ్యిలో పెట్టొద్దు. గుడ్డపేలికలు ఉండచుట్టి మూలన పడేయకుండా ఆరుబయట విప్పి ఆరబెట్టండి. ఆ తట్టని, డబ్బాని జీవామృతం డ్రమ్ము దరిదాపుల్లో ఉంచకండి. నేను వాటికి ఎర్ర పెయింట్ వేశాను, మా అమ్మ పొరపాటున కూడా ముట్టుకోదు.

అసలు కడగాల్సిన అవసరమే తగ్గించుకోవచ్చు. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది గాలిలోని తేమని పీలుస్తుంది. నెలల తరబడి కార్బురేటర్‌లో నిలవుంటే జిగురు, తుప్పు రెండూ. సీజన్ అయిపోగానే కాక్ మూసి, ఇంజన్ దానంతట అది ఆగిపోయేదాకా నడపండి. చల్లారాక కార్బురేటర్ కింది స్క్రూ వదులు చేసి మిగిలిన చుక్కలు కూడా దించేయండి. ట్యాంకులో పెట్రోల్ ఉంటే, ఆయిల్ కలపనిది అయితే, బండిలో పోసుకోండి. పోయిన డిసెంబర్‌లో మా పవర్ వీడర్‌ని ఇలాగే పెట్టాను. ఈ జూన్‌లో కొత్త పెట్రోల్ పోసి లాగితే మూడో తాడుకి స్టార్ట్ అయింది, కార్బురేటర్ విప్పలేదు.