ఆ పేపర్‌కి డాలర్లు కట్టకండి

సెమిస్టర్ మొదలైన వారానికే ప్రొఫెసర్ రీడింగ్ లిస్ట్ ఇస్తారు. పది పన్నెండు పేపర్లుంటాయి. రాత్రి వంటా భోజనాలూ అయ్యాక అపార్ట్‌మెంట్‌లో ల్యాప్‌టాప్ తెరిచి మొదటి పేపర్ పేరు గూగుల్‌లో కొడతారు. జర్నల్ సైటు వస్తుంది, సారాంశం కనిపిస్తుంది, దాని పక్కనే పీడీఎఫ్ కొనుక్కోమనే బటన్. ధర చాలా చోట్ల 30, 40 డాలర్లు ఉంటుంది. అమెరికాలో కొత్తగా దిగిన విద్యార్థికి అది చిన్న మొత్తం కాదు. కొందరు కార్డు తీస్తారు. ఇంకొందరు సారాంశంతోనే సరిపెట్టుకుని క్లాసుకు వెళ్తారు. రెండూ వద్దు. మీ ఫీజులు కూడా కలిసిన బడ్జెట్‌లోంచే యూనివర్సిటీ లైబ్రరీ ఇలాంటి జర్నళ్లకు ఏటా చందా కడుతోంది. వాటిని చదివే హక్కు మీకుంది. మీరు ఆ యూనివర్సిటీ మనిషేనని ఆ సైటుకు తెలియకపోవడమే అడ్డు.

క్యాంపస్ వైఫైలో ఉన్నప్పుడు అదే పేపర్ లాగిన్ కూడా అడగకుండా తెరుచుకుంటుంది. ప్రచురణ సంస్థలు యూనివర్సిటీ ఐపీ అడ్రస్‌లను తమ దగ్గర రాసి పెట్టుకుంటాయి, వాటి నుంచి ఎవరొచ్చినా తలుపు తీస్తాయి. ఇంటి ఇంటర్నెట్ ఐపీ ఆ జాబితాలో ఉండదు కాబట్టి డబ్బులు అడుగుతాయి. ఈ చిక్కు తీర్చడానికి 1999లో అరిజోనాలోని ఒక కమ్యూనిటీ కాలేజీ లైబ్రేరియన్ క్రిస్ జాగర్ ఈజెడ్‌ప్రాక్సీ అనే ప్రోగ్రామ్ రాశాడు. చాలా యూనివర్సిటీలు ఇప్పటికీ దాన్నే వాడుతున్నాయి. మీరు లైబ్రరీ సైటులోని లింకు నొక్కితే ముందు యూనివర్సిటీ లాగిన్ పేజీ వస్తుంది. ఐడీ, పాస్‌వర్డ్ ఇచ్చి ఫోన్‌లో డుయో లాంటి ధ్రువీకరణ యాప్ నోటిఫికేషన్‌కు ఓకే కొట్టాక, మీ తరఫున లైబ్రరీ సర్వరే వెళ్లి ఆ పేపర్ తెచ్చి మీకు చూపిస్తుంది. ప్రచురణ సంస్థకు కనిపించేది క్యాంపస్ ఐపీ మాత్రమే.

ఇది జరిగిందో లేదో బ్రౌజర్‌లో పైనున్న చిరునామా చూస్తే తెలిసిపోతుంది. ఉదాహరణకు ఇంజనీరింగ్ పేపర్లుండే ఐఈఈఈ ఎక్స్‌ప్లోర్ సైటు పేరులో మామూలుగా చుక్కలుంటాయి. ప్రాక్సీ ద్వారా వెళ్లినప్పుడు చాలా చోట్ల ఆ చుక్కలు చిన్న గీతలుగా మారి, వాటి వెనక మీ యూనివర్సిటీ పేరు తగులుకుంటుంది. ఆ తోక ఉంటే మీరు లైబ్రరీ దారిలో ఉన్నట్టు. అది లేకుండా సైటు డబ్బులు అడుగుతుంటే దారి తప్పినట్టే, వెనక్కి వచ్చి లైబ్రరీ సైటు నుంచి మొదలుపెట్టండి. ఇలాంటి తోక ఉన్న లింకును క్లాస్‌మేట్ వాట్సాప్‌లో పంపితే చివర ఉన్నది మీ యూనివర్సిటీ చిరునామాయేనని చూసుకుని నొక్కొచ్చు, మీ లాగిన్ అడిగి లోపలికి పంపిస్తుంది.

కొన్ని సైట్లలో పేపర్ పేజీ మీదే 'యాక్సెస్ త్రూ యువర్ ఇన్‌స్టిట్యూషన్' అనే బటన్ ఉంటుంది. అదీ మంచి దారే. అక్కడ యూనివర్సిటీ పేరు మాత్రం జాగ్రత్తగా ఎంచుకోండి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్ అని కొడితే డాలస్ క్యాంపస్, ఆర్లింగ్టన్ క్యాంపస్, ఆస్టిన్ క్యాంపస్ వేర్వేరుగా వస్తాయి. మీది ఏదో దాన్నే నొక్కాలి. ఒకే సిస్టంలో ఉన్నా లైబ్రరీలు వేరు, చందాలూ అన్నీ ఒకటి కావు. యూనివర్సిటీ వీపీఎన్ పెట్టుకున్నా కొన్నిచోట్ల పని జరుగుతుంది. కొన్ని వీపీఎన్‌లు క్యాంపస్ సర్వర్లకు వెళ్లే ట్రాఫిక్‌ను మాత్రమే తమ గుండా పంపి, మిగతాదాన్ని మీ ఇంటి కనెక్షన్‌కే వదిలేస్తాయి. వీపీఎన్ ఆన్‌లో ఉన్నా జర్నల్ డబ్బులు అడుగుతుంటే కారణం తరచూ ఇదే.

గూగుల్ స్కాలర్ వాడకుండా ఎవరూ ఉండరు, ఉండమని నేనూ చెప్పను. వాడే ముందు ఒక్క నిమిషం దాని సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. ఎడమవైపు మూడు గీతల మెనూలో సెట్టింగ్స్, అందులో లైబ్రరీ లింక్స్. మీ యూనివర్సిటీ పేరు వెతికి టిక్ పెట్టి సేవ్ చేయండి. అప్పటినుంచి లైబ్రరీ దగ్గరున్న పేపర్ల పక్కన కుడివైపు మీ యూనివర్సిటీ పేరుతో ఒక లింకు కనబడుతుంది. ఫలితం కింద ఉండే 'ఆల్ వెర్షన్స్' కూడా నొక్కి చూడండి. రచయిత తన సొంత పేజీలోనో, ఆర్కైవ్ (arXiv) లాంటి చోటనో ఉచితంగా పెట్టిన ప్రతి చాలాసార్లు అక్కడ దొరుకుతుంది. కంప్యూటర్ సైన్స్, ఫిజిక్స్ వాళ్లకు 1991 నుంచి నడుస్తున్న ఆర్కైవ్ ఉంది. వైద్య, ఆరోగ్య రంగాల వాళ్లకు పబ్‌మెడ్ సెంట్రల్ ఉంది. అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే చట్టబద్ధంగా ఉచితంగా దొరికే ప్రతి ఉన్నప్పుడు పేజీ పక్కన ఆకుపచ్చ తాళం గుర్తు చూపిస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, ఉచిత ప్రతి కొన్నిసార్లు జర్నల్‌లో అచ్చయిన దానికి ముందు రూపం. చదవడానికి సరిపోతుంది. పేజీ నంబర్లతో ఉటంకించేటప్పుడు మాత్రం అచ్చయిన ప్రతితో సరిచూసుకోవాలి.

అన్నీ సరిగ్గా చేసినా కొన్ని పేపర్లు తెరుచుకోవు. లైబ్రరీ ఆ జర్నల్ కొనకపోయి ఉండొచ్చు, లేదా పాత సంచికలకే చందా ఉండొచ్చు. జేస్టోర్ అనే జర్నళ్ల డేటాబేస్‌లో చాలా జర్నళ్ల తాజా సంచికలు ఉండవు, కొన్నేళ్లు గడిచాకే చేరతాయి. ఏ లైబ్రరీ కూడా అన్నీ కొనలేదు. కాలిఫోర్నియా యూనివర్సిటీ అంతటిది 2019 ఫిబ్రవరిలో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థతో ఒప్పందం కుదరక చందా మానేసింది. మళ్లీ ఒప్పందం కుదిరేసరికి 2021 మార్చి వచ్చింది. ఆ రెండేళ్లూ అక్కడి పరిశోధన ఆగిపోలేదు. అక్కడివాళ్లకు ఆసరాగా నిలిచిన వాటిలో ముఖ్యమైనది దాదాపు ప్రతి అమెరికన్ యూనివర్సిటీలోనూ ఉంది. మనవాళ్లకు చాలా ఆలస్యంగా తెలిసే సౌకర్యం అదే: ఇంటర్‌లైబ్రరీ లోన్.

మీ లైబ్రరీలో లేని పేపర్‌ను, అది ఉన్న మరో లైబ్రరీ నుంచి మీకోసం తెప్పిస్తారు. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థి దీనికి ఒక్క సెంటు కట్టనక్కర్లేదు, ఖర్చు లైబ్రరీదే. లైబ్రరీ సైటులో ఐఎల్ఎల్ అనో, ఇలియాడ్ అనో ఉన్న చోట మొదటిసారి మీ పేరూ ఈమెయిలూ ఇచ్చి ఖాతా తెరవాలి. తర్వాత ఒక ఫారం వస్తుంది: జర్నల్ పేరు, సంపుటి, సంచిక, సంవత్సరం, పేజీలు, వ్యాసం పేరు, రచయిత. ఇవన్నీ చేత్తో కొట్టే పని తరచూ ఉండదు. లైబ్రరీ వెతుకులాటలో ఆ పేపర్ పేజీ మీద ఉండే రిక్వెస్ట్ లింకు నొక్కితే చాలావరకు గళ్లు నిండిపోయే వస్తాయి. డీఓఐ నంబర్ దగ్గరుంటే తప్పకుండా రాయండి. 10తో మొదలై, చుక్క తర్వాత కొన్ని అంకెలూ, ఆపైన ఏటవాలు గీతా ఉండే ఆ నంబర్ ఒక్క పేపర్‌కే చెందుతుంది, కాబట్టి అవతలి లైబ్రరీలో పొరపాటుకు తావుండదు. పేపర్ స్కాన్ అయి తరచూ ఒకటి రెండు పనిదినాల్లోనే ఈమెయిల్‌కు లింకు వస్తుంది. కొన్నిసార్లు వారం పడుతుంది. అసైన్‌మెంట్ గడువు రేపనగా అడిగితే ఏ లైబ్రరీ ఏమీ చేయలేదు, కాబట్టి రీడింగ్ లిస్ట్ చేతికొచ్చిన రోజే దొరకని వాటికి రిక్వెస్ట్ పెట్టేయండి. ఇందులో దొంగచాటు ఏమీ లేదు. చదువుకోసం వ్యాసం ప్రతి తీసి ఇవ్వడానికి అమెరికా కాపీరైట్ చట్టం 108వ సెక్షన్ లైబ్రరీలకు వీలు కల్పించింది.

ఇంకా గట్టిగా చెప్పాలనుకున్నది లైబ్రేరియన్ల గురించి. మన ఊళ్లలో చదువుకున్న చాలామందికి లైబ్రేరియన్ అంటే పుస్తకం ఇచ్చి తేదీ ముద్ర వేసే ఉద్యోగి. ఇక్కడి యూనివర్సిటీల్లో సాధారణంగా డిపార్ట్‌మెంట్‌కో సబ్జెక్ట్ లైబ్రేరియన్ ఉంటారు. పేరు, ఈమెయిలు, అపాయింట్‌మెంట్ లింకు లైబ్రరీ సైటులోనే ఉంటాయి. మనవాళ్లు వెళ్లరు. ఇంత చిన్న విషయం అడిగితే ఏమనుకుంటారో, మన ఇంగ్లిష్ ఎలా ఉంటుందో అన్న మొహమాటం. దాన్ని పక్కనపెట్టండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడం వాళ్ల ఉద్యోగంలో భాగం. ఈమెయిల్ నాలుగు వాక్యాలు చాలు: మీరు ఏ కోర్సులో ఉన్నారు, ఏ అంశం మీద రాస్తున్నారు, ఇప్పటిదాకా ఎక్కడ వెతికారు, గడువు ఎప్పుడు. పబ్లిక్ హెల్త్ విద్యార్థి గ్రామాల్లో మధుమేహం గురించి రాస్తున్నానంటే, షుగర్ వ్యాధికి తోచిన మాటలన్నీ కొట్టే బదులు పబ్‌మెడ్‌లో 'డయాబెటిస్ మెల్లిటస్, టైప్ 2' అనే నిర్ణీత శీర్షికతో వెతకమని చూపిస్తారు. రచయిత ఏ మాట వాడినా ఆ విషయం మీద వచ్చిన పేపర్లు ఆ శీర్షిక కింద చేరి ఉంటాయి. అరగంట వాళ్లతో కూర్చుంటే రెండు వారాల తిప్పలు తప్పుతాయి.

చేయకూడని పనులు రెండున్నాయి. డేటా సైన్స్ చదివేవాళ్లు ముఖ్యంగా వినండి. స్క్రిప్ట్ రాసి వందల పేపర్లు ఒక్కసారి దింపకండి. లైసెన్సులు దీన్ని నిషేధిస్తాయి. ప్రచురణ సంస్థ పసిగడితే ఆపేది మీ ఒక్క ఖాతానే కాకపోవచ్చు, ప్రాక్సీ ద్వారా వచ్చేవాళ్లందరికీ ఆ సైటు మూతపడొచ్చు. ప్రాజెక్టుకు నిజంగా వేల పేపర్ల టెక్స్ట్ కావాలంటే లైబ్రేరియన్‌ను అడగండి, కొన్ని సంస్థలు దానికి వేరే ఏర్పాటు ఇస్తాయి.

రెండోది పాస్‌వర్డ్. ఇండియాలో పీహెచ్‌డీ చేస్తున్న స్నేహితుడు మీ లాగిన్ అడుగుతాడు. కాదనడం కష్టమే, అయినా ఇవ్వకండి. అదే లాగిన్‌తో మీ ఫీజులు, మార్కులు, ఈమెయిల్ అన్నీ తెరుచుకుంటాయి. ఎఫ్-1 వీసా మీద ఉన్నవాళ్లు యూనివర్సిటీ క్రమశిక్షణ కేసును తేలిగ్గా తీసుకునే వీల్లేదు. స్నేహితుడికి వేరే దారి చెప్పండి. 2024 నవంబర్ 25న కేంద్ర కేబినెట్ ఆమోదించిన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లు ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు అందుబాటులోకి వచ్చాయి. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దాన్ని నడుపుతోంది. ప్రభుత్వ యూనివర్సిటీలో ఉన్న స్నేహితుడైతే తన లైబ్రేరియన్‌ను దీని గురించి అడగాలి. ప్రైవేటు కాలేజీలో ఉంటే పేపర్ రచయితకే ఈమెయిల్ రాయమనండి. సారాంశం పేజీలోనే చాలాసార్లు చిరునామా ఉంటుంది, మర్యాదగా అడిగితే చాలామంది రచయితలు పీడీఎఫ్ పంపిస్తారు.

చదువు ముగిశాక ఈ లాగిన్ ఆగిపోతుంది. ఓపీటీ (చదువు తర్వాతి పని అనుమతి) మీద ఉద్యోగంలో చేరాక ఏదో పేపర్ అవసరమై ప్రయత్నిస్తే తలుపు మూసి ఉంటుంది. కాబట్టి మొదటి సెమిస్టర్ నుంచే చదివిన ప్రతి పేపర్‌నూ ఉచితంగా దొరికే జొటెరో అనే ప్రోగ్రామ్‌లో దాచుకోండి, రెఫరెన్సుల పని కూడా అదే చేసిపెడుతుంది. ఆఖరి సెమిస్టర్‌లో లైబ్రరీ సైటులో పూర్వ విద్యార్థుల పేజీ తెరిచి ఏవి మిగులుతాయో చూసుకోండి, కొన్ని యూనివర్సిటీలు కొన్ని డేటాబేస్‌లను వాళ్లకూ తెరిచే ఉంచుతాయి. అవీ లేకపోతే దగ్గర్లోని స్టేట్ యూనివర్సిటీ లైబ్రరీకి ఫోన్ చేయండి. బయటివాళ్లు వచ్చి అక్కడి కంప్యూటర్ల మీద జర్నళ్లు చదువుకోవడానికి చాలాచోట్ల అనుమతి ఉంది. వెళ్లేటప్పుడు ఒక ఐడీ కార్డు, ఒక పెన్‌డ్రైవ్ దగ్గర ఉంచుకోండి.