కొండలాంటి ఆటగాడు

ఒళ్ళు గట్టిగా ఉన్న మనిషికి జబ్బు రాదని చాలామంది అనుకుంటారు. ఆ మాట నిజం కాదు. జోనా లోము కథ చదివితే ఆ సంగతి తెలుస్తుంది.

తల్లి చూపిన దారి

న్యూజిలాండ్ ఒక దేశం. దాని చుట్టూ సముద్రం. ఆ దేశంలో పెద్ద పట్నం ఆక్లాండ్. జోనా లోము 1975 మే 12న ఆ పట్నంలో పుట్టాడు. అతని అమ్మానాన్నలది టోంగా. అది చిన్న చిన్న దీవుల దేశం. వాళ్ళు అక్కడినుంచి వచ్చి ఆక్లాండ్‌లో కాపురం పెట్టారు.

పసితనంలో జోనా కొన్నేళ్ళు టోంగాలో బంధువుల దగ్గర పెరిగాడు. తర్వాత ఆక్లాండ్ వచ్చాడు. ఇంట్లో సుఖం లేదు. తండ్రి తాగి కొట్టేవాడు. బయట చూస్తే కుర్రవాళ్ళ ముఠాలు, కొట్లాటలు. జోనా కూడా ఆ దారిన పడేలా ఉన్నాడు. తల్లి పేరు హెపి. ఆమె కొడుకును హాస్టలు ఉన్న బడిలో చేర్పించింది. ఆ బడిలోనే అతను రగ్బీ ఆటలో రాటుదేలాడు.

రగ్బీ అంటే ఏమిటి?

రగ్బీలో ఒక్కో జట్టుకు 15 మంది. ఆట 80 నిమిషాలు. బంతి గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా ఉంటుంది. దాన్ని చంకలో పెట్టుకుని పరుగెత్తాలి. అవతలి జట్టువాళ్ళు వచ్చి పట్టుకుంటారు. కబడ్డీలో కూతకు వచ్చినవాడిని పట్టుకున్నట్టే కింద పడేస్తారు. వాళ్ళను తప్పించుకుని గీత దాటాలి. దాటి, బంతిని నేలకు ఆనించాలి. దాన్ని 'ట్రై' అంటారు. ఒక ట్రైకి 5 పాయింట్లు.

జోనా ఎత్తు ఆరడుగుల అయిదు అంగుళాలు. బరువు దాదాపు 120 కిలోలు. అంత మనిషి గాలిలా పరుగెత్తేవాడు. అడ్డం వచ్చినవాళ్ళు పక్కకు పడిపోయేవాళ్ళు.

లోకమంతా చూసిన ఆట

1994లో అతను న్యూజిలాండ్ దేశపు జట్టులోకి వచ్చాడు. అప్పటికి వయసు 19 ఏళ్ళు. మొదటి రెండు ఆటలూ జట్టు ఓడిపోయింది. జోనాను పక్కన పెట్టారు. అతను దిగులు పడి కూర్చోలేదు. మళ్ళీ సాధన చేశాడు.

1995లో దక్షిణాఫ్రికాలో ప్రపంచ కప్పు పోటీలు జరిగాయి. ఫైనలుకు ముందు ఆట ఇంగ్లండుతో. ఆ ఒక్క ఆటలోనే జోనా నాలుగు ట్రైలు చేశాడు. న్యూజిలాండ్ 45, ఇంగ్లండు 29. ఒక్క రోజులో జోనా పేరు దేశదేశాలకూ తెలిసిపోయింది. ఫైనల్లో మాత్రం దక్షిణాఫ్రికా గెలిచింది.

అంతవరకు ఈ రకం రగ్బీ ఆడేవాళ్ళకు జీతం ఇవ్వకూడదని నియమం ఉండేది. పగలు ఉద్యోగం చేసుకుని, మిగిలిన టైములో ఆడేవాళ్ళు. 1995 ఆగస్టులో ఆ నియమం తీసేశారు. ఆట ఒక ఉద్యోగం అయింది. జోనాలాంటి వాళ్ళకు ఆటే బతుకుతెరువు అయింది.

లోపల దాగిన జబ్బు

అదే ఏడాది చివర్లో డాక్టర్లు ఒక సంగతి చెప్పారు. జోనా కిడ్నీలకు జబ్బు వచ్చింది. చిన్న జబ్బు కాదు. అతనికి అప్పుడు ఇరవై ఏళ్ళు.

కిడ్నీలు రెండు. నడుముకు కాస్త పైన, వెన్నెముకకు రెండు పక్కలా ఉంటాయి. ఒక్కోటి మన పిడికిలంత. అవి రక్తాన్ని వడకడతాయి. చెడును మూత్రంలో పంపిస్తాయి. మంచిని ఒంట్లోనే ఉంచుతాయి. జోనా కిడ్నీలు మంచిని కూడా బయటికి వదిలేశాయి. ఒంటికి బలమిచ్చే మాంసకృత్తులు మూత్రంలో పోయాయి. జల్లెడకు చిల్లి పడితే నూకలతోపాటు బియ్యం కూడా కారిపోతుంది గదా! ఇదీ అంతే.

జోనా మందులు వాడాడు. కొంతకాలం ఆట మానాడు. మళ్ళీ వచ్చాడు. 1999 ప్రపంచ కప్పులో 8 ట్రైలు చేశాడు. న్యూజిలాండ్ తరఫున మొత్తం 63 పెద్ద ఆటలు ఆడాడు. 37 ట్రైలు చేశాడు. ఇదంతా జబ్బుతోనే!

స్నేహితుడి దానం

2003 నాటికి కిడ్నీలు పనిచేయడం మానేశాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకోవాలి. అంటే మిషను రక్తాన్ని వడకడుతుంది. కాళ్ళలో నరాలు దెబ్బతిన్నాయి. పరుగుకు పేరుపడ్డ మనిషికి నడవడమే కష్టమైంది.

అప్పుడు గ్రాంట్ కెరియామా అనే స్నేహితుడు ముందుకు వచ్చాడు. అతను రేడియోలో పనిచేసేవాడు. తన రెండు కిడ్నీల్లో ఒకటి ఇచ్చాడు. 2004 జులైలో ఆపరేషను జరిగింది. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఒక్క కిడ్నీతో బతకగలడు. అయితే ఇచ్చేవాళ్ళకు ముందు అన్ని పరీక్షలూ చేయాలి.

జోనా మళ్ళీ మైదానంలోకి దిగాడు. వేల్స్ దేశంలో కార్డిఫ్ జట్టుకు ఆడాడు. కాని మునుపటి వేగం రాలేదు. 2007లో ఉద్యోగంగా ఆడటం మానేశాడు.

2011లో ఆ కిడ్నీ కూడా పాడైంది. మళ్ళీ డయాలసిస్. జోనాకు ఇద్దరు చిన్న కొడుకులు. వాళ్ళకు 21 ఏళ్ళు నిండేదాకా బతకాలని అతని కోరిక. ఆ కోరిక తీరలేదు. 2015 నవంబరు 18న ఆక్లాండ్‌లో కన్నుమూశాడు. వయసు 40. పిల్లల కోసం ఆటగాళ్ళ సంఘం ఒక నిధి ఏర్పాటు చేసింది.

మనం తెలుసుకోవలసింది

కిడ్నీ జబ్బు మొదట్లో చాలామందికి నొప్పి ఉండదు. అందుకే తెలియదు. ఈ గుర్తులు చూడండి:

పొద్దున లేవగానే కళ్ళచుట్టూ వాపు.
పాదాల్లో నీరు. వేలితో నొక్కితే గుంట పడుతుంది.
మూత్రంలో నురగ, లేదా రక్తం.

ఇవి కనిపిస్తే "అదే తగ్గిపోతుందిలే" అనుకోవద్దు. ఆసుపత్రికి వెళ్ళి మూత్రం, రక్తం పరీక్ష చేయించుకోవాలి. షుగరు, బీపీ ఉన్నవాళ్ళు గుర్తులు లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. ఆ రెండూ కిడ్నీలను పాడుచేస్తాయి. డాక్టరు చెప్పకుండా రోజూ నొప్పి బిళ్ళలు మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి.

ఇంట్లో అందరికీ పెట్టి, తన ఒంటి సంగతి చివరికి చూసుకునే ఆడవాళ్ళు ఎందరో. కొండలాంటి జోనాకే జబ్బు లోపల దాగింది. మన ఒంటిని మనం ముందే చూసుకోవాలి.

జవాబులు రాయండి

1. జోనాను బడిలో చేర్పించింది ఎవరు? ఎందుకు?
2. కిడ్నీలు చేసే పని ఏమిటి?
3. గ్రాంట్ చేసిన సాయం ఏమిటి?
4. మీ ఇంట్లో షుగరు, బీపీ ఎవరికి ఉన్నాయి? వాళ్ళు మూత్రం పరీక్ష ఎప్పుడు చేయించుకున్నారు? అందరూ కలిసి మాట్లాడుకోండి.