ట్రాక్టరు స్టీరింగు వణకుట: కారణములు, సరిచేయు విధము

కోతలు ముగిసి, ధాన్యపు బస్తాల ట్రక్కు తగిలించుకొని రోడ్డెక్కినప్పుడు కొన్ని ట్రాక్టర్ల స్టీరింగు చేతిలో గడగడ వణకును. పొలములో నడచినంత కాలము ఈ దోషము తెలియదు. మెత్తని మట్టి దానిని కప్పిపుచ్చును. తారు రోడ్డుపై గంటకు 15, 20 కిలోమీటర్ల వేగము వచ్చుసరికి బయటపడును. చాలమంది రైతులు పట్టు బిగించి అట్లే నడపుచుందురు. ఇది ప్రాణాపాయము. ముందు చక్రములను కలుపు టై రాడ్డు చివరనున్న గుండుకీలు ఊడినచో రెండు చక్రములు ఒక త్రోవను పోవు. అప్పుడు స్టీరింగు పట్టినవాడు చేయగలిగినదేమియు లేదు. ట్రక్కులో బస్తాలే గాక, తరచుగా కూలీలు కూడ ఉందురు.

నేను సేద్యము బోధించువాడను గాని మెకానిక్కును కాను. ఈ సంగతి డబ్బు పోగొట్టుకొని నేర్చితిని. మా యింటి ట్రాక్టరు ఇట్లే వణకగా, ఒక మెకానిక్కు మాటపై స్టీరింగు బాక్సు విప్పించి క్రొత్త సామాను వేయించితిమి. వణకు పోలేదు. తుదకు చూడగా కుడి చక్రపు బేరింగు లూజై యున్నది. దానిలో దమ్ము బురద చేరి యున్నది. చక్రము పైకెత్తి చూడకపోవుట మా తప్పే. కావున ఖర్చు లేని పరీక్షలు ముందు చేసి, ఖర్చుగల పనులు తరువాత పెట్టుకొనుడు.

బండి నిలిచి యుండి, ఇంజను ఆడుచుండగనే స్టీరింగు వణకినచో దోషము ఇంజనుది. చక్రముల జోలికి పోనక్కరలేదు. ఒక వేగము వద్దనే వణకి, తగ్గించినను పెంచినను సర్దుకొనినచో చక్రము సమముగా తిరుగుట లేదని అర్థము. ఏ వేగమునందైనను, ముఖ్యముగా గుంతలలో, ఊగినచో ఎక్కడనో కీళ్ళు లూజైనవి.

మొదటి పని కడుగుట. రిమ్ము లోపలి వైపున ఎండిన బురద ఒక ప్రక్కనే గడ్డకట్టి యున్నచో అదియే వణకునకు చాలును. గాలి రెండు చక్రములకు సమముగా, కంపెనీ పుస్తకములో వ్రాసినంత ఉండవలెను. పంక్చరు వేసిన తరువాత వణకు మొదలైనచో టైరు రిమ్ములో వంకరగా కూర్చున్నదేమో చూడుడు. టైరు అంచున ఉండు గీత రిమ్మునకు చుట్టును ఒకే దూరములో నుండవలెను.

తరువాత గట్టి నేలపై బండి నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు దిమ్మలు పెట్టుడు. ముందు ఇరుసును జాకీతో ఎత్తి, దాని క్రింద గట్టి దుంగ ఆనించుడు. జాకీని నమ్మి క్రిందికి దూరరాదు. చక్రమును త్రిప్పి, రిమ్ము ప్రక్కన ఒక పుల్ల కదలకుండ పట్టినచో వంకర తెలియును. పిదప టైరును పైన, క్రింద పట్టి ఊపుడు. హబ్బు మాత్రమే కదలినచో బేరింగు లూజు. హబ్బును మోయు కాడతో సహా కదలినచో కింగు పిన్ను బుష్షులు అరిగినవి. కుడి ఎడమల పట్టి ఊపినప్పుడు లూజు తెలిసినచో టై రాడ్డు కీళ్ళు చూడవలెను. అరిగిన గుండుకీలుకు గ్రీజు మందు కాదు. మార్చువరకు ఆ ట్రాక్టరును రోడ్డెక్కించకుడు.

బేరింగు సంగతి వివరముగా చెప్పవలెను, ఏలయన వరి పండించు ప్రాంతములలో దమ్ము వలన ఇది ఎక్కువ. హబ్బు మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, నట్టు విప్పి, బేరింగులను డీజిలుతో కడిగి ఆరబెట్టుడు. గింజలపై గాని, అవి తిరుగు దారిపై గాని గుంటలు, నీలి మచ్చలు ఉన్నచో మార్చవలెను. లోపలి సీలును తప్పక మార్చుడు. నీరు చొరబడుట ఆ దారినే. గింజల సందులలోనికి గ్రీజు కూరి బిగించుడు. చక్రమును త్రిప్పుచు, బరువుగా తిరుగునంతవరకు నట్టు బిగించి, పిన్ను రంధ్రము కలియునట్లు కొద్దిగా వెనుకకు వదలవలెను. పిన్ను క్రొత్తది వేయుడు, పాత దానిని వంచి వాడరాదు. కొంత దూరము నడిపి హబ్బును తాకి చూడుడు. చేయి నిలుపలేనంత కాలినచో బిగువు ఎక్కువైనది.

ఇవి సరిగా నున్నచో చక్రముల వరుస కొలువవలెను. చక్రములను నేరుగా నిలిపి, రెండు టైర్ల ముందు భాగమున, హబ్బు ఎత్తులో, నడిమధ్య సుద్దగీతలు గీచి వాటి మధ్య దూరము కొలువుడు. ఆ గీతలు వెనుకకు వచ్చువరకు బండిని నెట్టి మరల కొలువుడు. సాధారణముగా ముందు కొలత కొద్ది మిల్లీమీటర్లు తక్కువ ఉండవలెను. ఎంత అనునది పుస్తకములో నుండును. టై రాడ్డు పొడవు మార్చి సరిచేయుదురు. స్టీరింగు బాక్సు విప్పు మాట ఇంత అయిన తరువాతనే.

ఇంట కారు ఉన్నవారు మరియొక భేదము గమనింపవలెను. గంటకు 80, 100 కిలోమీటర్ల మధ్య వణకినచో తరచుగా చక్రముల బ్యాలెన్సింగు లోపము. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణకినచో ముందు బ్రేకు డిస్కుల దోషము. ట్రాక్టరుకు బ్రేకులు సాధారణముగా వెనుక చక్రములకే గనుక అది వేరు. బ్రేకు వేయగా ఒక ప్రక్కకు లాగినచో రెండు బ్రేకులను సమము చేయించవలెను. రోడ్డుపై రెండు పెడళ్ళను కొక్కెముతో కలిపియే ఉంచుడు.

మరమ్మతు అయిన పిదప, ట్రక్కు తగిలించక, పూర్వము వణకిన రోడ్డునందే, అదే వేగమున నడిపి చూడుడు. మరునాడు చక్రమును మరల పైకెత్తి, నట్టు పట్టు పరీక్షించుడు.