మాటను విడిచి మనిషిని పట్టుకోవద్దు



ధర్మసాగర్ చెరువు కట్ట మీద నలుగురు కూడినా, ఆదివారం పూజ అయినాక గుడి ముందు నలుగురు నిలబడినా ఏదో ఒక చర్చ నడుస్తూనే ఉంటుంది. పొలాలకు నీళ్ళు, పిల్లల చదువులు, పండుగ చందాలు, పెళ్ళి ఖర్చులు, ఇవన్నీ మాట్లాడుకోవలసిన విషయాలే. కాని చర్చ మొదలైనప్పుడున్న స్నేహం అది ముగిసేసరికి కొన్నిసార్లు మిగలదు. అభిప్రాయాలు వేరైనందుకు కాదు, మధ్యలో దొర్లిన ఒకటి రెండు మాటల వల్ల. ఆ మాటలేమిటో ఈ వారం ఆలోచిద్దాం.

కొన్నేళ్ళ క్రితం నేను సేవ చేసిన ఒక విచారణలో పండుగ ఏర్పాట్ల కోసం సమావేశం పెట్టుకున్నాం. ఒక వితంతువు లేచి, "ఫాదర్, పందిరికి గింత ఖర్చెందుకు? పిల్లల ఫీజులు కట్టలేనోళ్ళు మనల్నే ఉన్నరు గదా" అన్నది. వెంటనే ఒక పెద్దమనిషి, "లెక్కల సంగతి నీకేం ఎరుకమ్మా? కూసో" అన్నాడు. అందరూ నవ్వారు. నేను "సరే, తర్వాత చూద్దాం" అని ఇంకో విషయానికి వెళ్ళిపోయాను. ఆ తర్వాత ఆమె పూజకు వచ్చేది గాని సమావేశానికి రాలేదు. చాలా కాలానికి వాళ్ళింటికి వెళ్ళి క్షమించమని అడిగాను. "మీరేమన్నరో నాకు యాది లేదు ఫాదర్. అందరు నవ్వింది యాదున్నది" అన్నది. ఆమె అడిగిన ప్రశ్నకు ఆనాడు ఎవరూ జవాబు చెప్పలేదు. అధ్యక్ష స్థానంలో ఉన్న నేనూ చెప్పలేదు.

గురువిద్యాలయంలో తర్కశాస్త్రం చదివేటప్పుడు మాకు నేర్పిన మొదటి పాఠాల్లో ఒకటి ఇది: మాటకు జవాబు చెప్పకుండా, మాట్లాడిన మనిషిని తక్కువ చేయడం జవాబు కాదు. మన దేశపు న్యాయశాస్త్రం కూడా చర్చలను మూడుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి మాత్రమే చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా ఎదుటివాని మాటను పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. మనం వాడుకలో వితండవాదం అంటున్నది దీన్నే. మనిషిని పట్టుకున్న క్షణాన మన చర్చ వాదం స్థాయి నుండి జారిపోతుంది.

నొప్పించే నాలుగు మాటలు

మొదటిది: "నీకేం తెలుసు?" యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టు గ్రుడ్డివాడు చూపు పొందాడు. పరిసయ్యులు అడిగినదానికి తాను అనుభవించింది అనుభవించినట్టు చెప్పాడు. దానికి జవాబు లేక వారు అతని పుట్టుకను ఎత్తిపొడిచారు, మాకే బోధిస్తావా అని వెలివేశారు. వెలివేయబడిన అతన్ని వెదికి కనుగొన్నది ప్రభువే.

రెండవది: "మీవాళ్ళంతా ఇంతే." ఊరు, కులం, యాస, వాడ పేరెత్తి మనిషిని కొట్టే మాట ఇది. నజరేతు పేరు వినగానే నతనయేలు కూడా తేలికగా మాట్లాడాడు. ఫిలిప్పు కోపగించుకోలేదు, వచ్చి చూడమన్నాడు. నతనయేలు వెళ్ళి చూశాడు, మనసు మార్చుకున్నాడు.

మన ప్రాంతపు చరిత్రలోనూ ఈ గాయం ఉంది. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే పండితుని అధ్యక్షతన సంఘ సంస్కార సభ జరిగింది. అక్కడ ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో మాట్లాడబోతే కొందరు గేలి చేశారు. ఆ అవమానం భరించలేక ఆ రాత్రే కొందరు తెలుగువారు కూడి ఆంధ్ర జనసంఘాన్ని ఏర్పాటు చేసుకున్నారు. ఆయన ఏ తీర్మానం మీద మాట్లాడబోయారో ఈనాడు ఎక్కువమందికి తెలియదు. గేలి చేసిన సంగతి మాత్రం నిలిచిపోయింది. తర్వాత మరొకరు నైజాం ప్రాంతంలో తెలుగు కవులే లేరన్నట్టు రాసినప్పుడు, సురవరం ప్రతాపరెడ్డిగారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించారు. చిన్నచూపుకు అన్నిటికన్నా గట్టి జవాబు ఆధారమే.

మూడవది: "తర్వాత చూద్దాం." చూసే ఉద్దేశం ఉంటే ఇది మంచి మాటే. లేనప్పుడు మర్యాదగా నోరు మూయించడమే. ఆనాడు నేను చేసిన తప్పు ఇదే.

నాలుగవది: "ఫాదర్ చెప్పారు, ఇంకేం మాట్లాడవద్దు." విశ్వాస సత్యాలలో శ్రీసభ బోధనకు మనం విధేయులం. కాని పందిరి ఖర్చు విశ్వాస సత్యం కాదు. అపొస్తలుల కార్యాలు 15వ అధ్యాయం చూడండి: యెరూషలేములో చాలాసేపు చర్చ జరిగిన తర్వాతనే పేతురు లేచి మాట్లాడాడు. పోపు ఫ్రాన్సిస్‌వారు 2021లో ప్రారంభించి 2024లో ముగించిన సినడు కూడా ఒకరినొకరు ఆలకించడాన్నే మనముందు పెట్టింది.

ప్రభువు చూపిన మార్గం

అన్నా ఎదుట ప్రభువును ఒక భటుడు చెంపపై కొట్టాడు. ప్రభువు తిట్టలేదు, మౌనంగానూ ఉండలేదు. నా మాటలో తప్పుంటే ఆ తప్పు చూపించు, లేకుంటే ఎందుకు కొడుతున్నావు అని అడిగారు (యోహాను 18:23). చర్చకు ఇంతకన్నా మంచి నియమం లేదు. తప్పు చూపించాలి, మనిషిని కొట్టకూడదు. చేతితో కొట్టినా, మాటతో కొట్టినా కొట్టడమే.

పునీత అక్వీనాసు తోమాసువారు తన గొప్ప గ్రంథంలో ప్రతి ప్రశ్నకూ ముందుగా ఎదుటి పక్షపు వాదనలను రాసి, ఆ తర్వాతనే తన జవాబు రాశారు. ఎదుటివాని మాటకు వీలైనంత మంచి అర్థం తీసుకోవాలని, అర్థం కాకపోతే అతన్నే అడగాలని, పొరపాటు ఉంటే ప్రేమతో సరిదిద్దాలని పునీత లొయోలా ఇగ్నాసివారు తన ఆధ్యాత్మిక సాధనల ఆరంభంలోనే చెప్పారు.

ఈ వారం ఇంట్లో

ఈ తప్పు సమావేశాలలోనే కాదు, మన అన్నం పళ్ళెం దగ్గర కూడా జరుగుతుంది. "పెద్దోళ్ళ మధ్యల నీకేం పని?" అని బిడ్డతో, "ఆడదానివి, నీకెందుకు?" అని భార్యతో, "ముసలోనివి, ఊకో" అని తండ్రితో అంటూ ఉంటాం. కాబట్టి ఈ వారం మూడు పనులు చేద్దాం.

1. జవాబు చెప్పేముందు "నువ్వనేది ఇదే కదా?" అని ఎదుటివారిని అడుగుదాం.

2. "తర్వాత చూద్దాం" అంటే ఏ రోజో చెప్పి, ఆ రోజు చూద్దాం.

3. రాత్రి కుటుంబ ప్రార్థన తర్వాత, "నా మాటల్లో నిన్ను నొప్పించే మాట ఏది?" అని ఇంట్లో ఒక్కొక్కరినీ అడుగుదాం. వారు చెప్పేటప్పుడు అడ్డు రాకుండా విందాం.

మూడవ పని కష్టం. నేనూ నా విచారణ పెద్దలను అడగబోతున్నాను. నా కోసం ప్రార్థించండి.