అద్దం వెనక డొప్ప

సంక్రాంతి దాటిందంటే చేర్యాల రోడ్డుకు ఆదివారం ఊపిరాడదు. కొమురవెల్లి మల్లన్న జాతర ఉగాది దాకా సాగుతుంది. పండుగ తర్వాత వచ్చే మొదటి ఆదివారం పట్నం వారం. హైదరాబాద్ నుంచి జనం బండ్లకు బండ్లు కట్టుకొని దిగుతారు. డీసీఎంలు, ట్రాలీలు, ఆటోలు, కార్లు, వాటి పక్కనే బోనం నెత్తిన పెట్టుకొని నడిచే ఆడవాళ్లు. అలాంటి ఒక ఆదివారం మా డబుల్ క్యాబ్ పికప్ కుడి అద్దానికి ఎదురొచ్చే బండి అద్దం తగిలింది. టప్పుమని ఒక్కటే చప్పుడు. ఎవరూ ఆగలేదు, ఆగే చోటూ లేదు.

మనం ఎడమ పక్కన నడిపే దేశంలో ఇరుకు రోడ్డు మీద ముందు దెబ్బ తినేది డ్రైవర్ పక్క అద్దమే. ఎడమ అద్దానికి గోడలు, కరెంటు స్తంభాలు, తుమ్మకొమ్మలు శత్రువులు.

ఇంటికొచ్చి చూస్తే అద్దం చెక్కుచెదరలేదు. అద్దాన్ని తలుపుకు కలిపే కొమ్ము ముడుచుకుంటోంది, తెరుచుకుంటోంది. స్విచ్ నొక్కితే లోపలి మోటారు అద్దాన్ని నాలుగు దిక్కులా తిప్పుతోంది. పగిలింది ముందు వైపున్న ప్లాస్టిక్ డొప్ప ఒక్కటే. "మొత్తం అద్దమే మార్పిద్దాం బావా, పీడా పోతది" అన్నాడు బామ్మర్ది. "ఎందుకురా, లోపలంతా మంచిగనే ఉంది గదా" అన్నాను. ఆ మాటే ఈ కథనానికి మూలం. డొప్ప పగిలినందుకు మోటారుతో సహా అద్దం మొత్తం కొనేవాళ్లను చాలామందిని చూశాను. అవసరం లేదు. నాలుగు పరీక్షలు చేయండి: అద్దం, కొమ్ము, మోటారు, లోపలి చట్రం బాగున్నాయో లేదో చూడండి. బాగుంటే డొప్ప మార్చుకుంటే చాలు. చట్రమే చీలితే మాత్రం ఈ పని మీకు కాదు, పూర్తి అద్దం కొనాల్సిందే. చిన్న లోడింగ్ బండ్లలో చాలావాటికి డొప్ప విడిగా ఉండదు, చట్రంతో కలిసే పోతపోసి ఉంటుంది. వాటిదీ అదే దారి.

కొనేటప్పుడు కుడి, ఎడమ తేల్చుకోవాలి. సీట్లో కూర్చొని ముందుకు చూస్తే మీ కుడి చేతి వైపుది కుడి. ఎదురుగా నిలబడి చూస్తే తిరగబడుతుంది, కౌంటరు దగ్గర గొడవ అక్కడే మొదలవుతుంది. చాలా డొప్పల లోపలి వైపు 'ఎల్‌హెచ్' అనో 'ఆర్‌హెచ్' అనో అచ్చు ఉంటుంది. అద్దంలో ఇండికేటర్ ఉన్న రకానికీ లేని రకానికీ డొప్ప వేరు. ఇంకొక సంగతి: పాత డొప్ప మీద టేపుతో అతికించే క్రోమ్ తొడుగులు కూడా అదే పేరుతో అమ్ముతారు. అవి అలంకారం. పగిలినదాని మీద వాటిని అతికిస్తే పగులు కనపడదు కానీ లోపలికి నీళ్లు, దుమ్ము చేరుతూనే ఉంటాయి.

మాకు దొరికింది రంగు వేయని నల్ల డొప్ప. రంగు పని విప్పడానికి ముందే ముగించుకోవాలి, లేకపోతే రంగు ఆరేదాకా లోపలి తీగలు, మోటారు వానకూ దుమ్ముకూ తెరిచి పెట్టినట్టే. ఈ రంగు సంగతి మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే చేర్యాలలో పుట్టినవాడు ఇక్కడ తొందరపడకూడదు. మా ఊరి నకాశీ కళాకారులు పటం గీయబోయే ఖద్దరు బట్టకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, జిగురు నీళ్లు కలిపి మూడు సార్లు పూస్తారు. ఒక పూత ఆరనిదే రెండోది వేయరు. రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపి చేసే మొహాలకూ అంతే. నేల సిద్ధం కాకుండా రంగు నిలవదు. ప్లాస్టిక్కుకూ అదే న్యాయం. డొప్పను సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి, 400 నంబరు గరుకు కాగితంతోనూ తర్వాత 800తోనూ నీళ్లు చల్లుకుంటూ రుద్దాలి. నిగనిగలాడే మెరుపు పోయి అంతా ఒకే తీరుగా పాలిపోయినట్టు కావాలి. లోపల 'ఏబీఎస్' అని అచ్చు ఉంటే ప్లాస్టిక్ ప్రైమర్ నేరుగా పడుతుంది. 'పీపీ' అని ఉంటే దాని మీద ఏదీ అంత తేలిగ్గా అంటదు, ప్రైమర్‌కు ముందు రంగు పట్టించే ప్రత్యేక ద్రవం ఒక పూత వేయాలి. ఆపైన బండి రంగు కోడ్ చెప్పి కలిపించిన రంగు, రెండు మూడు పలుచని పూతలు. చివర మెరుపు పూత. పూతకూ పూతకూ మధ్య పది పదిహేను నిమిషాలు. ఒకేసారి దట్టంగా కొడితే రంగు కారి గీతలు పడతాయి. ముక్కుకు మాస్కు తప్పనిసరి, తలుపులు మూసిన గదిలో ఈ పని వద్దు. ఒక రాత్రి ఆరనిచ్చి మర్నాడు బండి దగ్గరికి వెళ్లాలి. క్లిప్పుల మీద రంగు పడకుండా ముందే టేపు వేసుకోండి. రంగు మందంతో అవి బిగుసుకొని లాకులో కూర్చోవు.

ఇక విప్పడం. మొదటిసారి నేను చేసిన తప్పు పొద్దు పొడవకముందే మొదలుపెట్టడం. మా వైపు చలికాలం తెల్లవారుజామున ప్లాస్టిక్ ఎండిన మోదుగాకులా ఉంటుంది, వంచితే విరుగుతుంది. ఒక లాకు అలాగే విరిచాను. ఇప్పుడు తొమ్మిది దాటాక, ఎండ తగిలి ప్లాస్టిక్ మెత్తబడ్డాక వేపచెట్టు నీడకు బండి తెచ్చి మొదలుపెడతాను. ఎండ లేని రోజైతే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డను డొప్ప మీద కాసేపు కప్పినా చాలు.

అద్దం చుట్టూ సందుల్లో దుమ్మును పాత టూత్‌బ్రష్‌తో దులపాలి. మా అద్దం సందుల్లోంచి జాతరలో చల్లిన బండారి పసుపు రాలింది. ఇసుక రేణువులు ఉండగా పనిముట్టు దూరిస్తే అవే గీతలు పెడతాయి.

తలుపు అద్దం ఎత్తేసి, తలుపు మీద దళసరి తువ్వాలు వేలాడదీయాలి. చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు. స్విచ్‌తో సైడ్ అద్దాన్ని పూర్తిగా ఆకాశం చూసేలా తిప్పితే పై అంచు లోపలికి పోయి కింది అంచు బయటికి వస్తుంది. ఇప్పుడు తాళం చెవి తీసేయండి. అద్దం మీద అడ్డంగా రెండు మూడు వరుసల టేపు అతికించండి, ఒకవేళ పగిలినా ముక్కలు చెదరవు. కింది సందులో ప్లాస్టిక్ పనిముట్టు దూర్చాలి. ఇనుప స్క్రూడ్రైవర్ వద్దు, అద్దం అంచు చిట్లేది దానితోనే. అద్దం వెనక పలక మోటారుకు క్లిప్పులతో పట్టుకొని ఉంటుంది. అద్దం అంచును కాదు, వెనక ఉన్న ఆ పలకను పట్టి మెల్లగా మీ వైపు లాగాలి. టిక్కుమని ఒక క్లిప్పు వదులుతుంది, ఆ పక్కనే ఇంకొకటి. ఒక్క మూలనే పట్టి గుంజకూడదు.

అద్దం చేతికి రాగానే దూరంగా తీయొద్దు. మంచు, ఆవిరి తొలగించే హీటర్ ఉన్న అద్దానికి వెనక రెండు సన్నని తీగలుంటాయి. తీగను కాకుండా దాని కొసనున్న కనెక్టరును పట్టి ఊడదీయాలి. అద్దాన్ని మరో తువ్వాలు మీద బోర్లించండి.

లోపల ఇప్పుడు మోటారు, దాని చుట్టూ నల్లని చట్రం, చట్రం రంధ్రాల్లోంచి తొంగిచూసే డొప్ప లాకులు కనిపిస్తాయి. ఇక్కడ ఫోనుతో రెండు ఫొటోలు తీసుకోండి, తీగ ఏ దారిన పోతోందో బిగించేటప్పుడు అదే చెబుతుంది. కొన్ని మోడళ్లలో మూలల్లో చిన్న స్క్రూలు కూడా ఉంటాయి, ఒక్కోసారి నక్షత్రం తల స్క్రూలు. అవి ఉన్నాయో లేదో చూడకుండా లాగితే డొప్ప కాదు, చట్రమే చీలుతుంది.

పై మూల లాకుతో మొదలుపెట్టి సన్నని పనిముట్టుతో లోపలికి నొక్కుతూ డొప్పను కొద్దిగా బండి ముందు వైపుకు నెట్టాలి. వదిలిన లాకు మళ్లీ పట్టుకోకుండా ఆ సందులో ప్లాస్టిక్ ముక్క ఒకటి ఇరికించి ఉంచండి. అలా ఒక్కొక్కటీ. చివరి లాకు దగ్గర అందరికీ చేయి దురద పెడుతుంది. అక్కడే ఆగాలి, అదీ నొక్కాకే లాగాలి. బామ్మర్ది "ఇంకొంచెం గుంజు బావా" అంటూనే ఉన్నాడు. నేను గుంజలేదు. పగిలిన డొప్పే కదా, విరిగితే ఏమవుతుంది అనిపిస్తుంది. విరిగిన లాకు ముక్క మోటారు సందులో పడితే అద్దం తిరగడం ఆగిపోతుంది. ఇండికేటర్ డొప్పకు బిగించి ఉంటే దాని సాకెట్టు కూడా ఊడదీసి కొత్తదానికి మార్చాలి.

పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి లాకుల వరుస సరిచూసుకున్నాక బిగించడం సులువే. లోపలి అంచును, అంటే తలుపు వైపుదాన్ని, ముందు ఆనించి, డొప్పను తలుపు మూసినట్టు చట్రం మీదికి తేవాలి. తీగలు మధ్యలో నలగకుండా చూడాలి. అరచేత్తో ఒక్కో లాకు మీద నొక్కితే చప్పుళ్లు వినిపిస్తాయి, అవి లెక్కపెట్టుకోండి. విప్పినప్పుడు ఎన్ని లాకులో ఇప్పుడూ అన్నే రావాలి. చుట్టూ సందు ఒకే వెడల్పుతో ఉండాలి. ఒకచోట ఎత్తుగా ఉంటే ఆ కింద లాకు కూర్చోలేదన్నమాట.

హీటరు తీగలు తగిలించి, అద్దం పలకను మోటారు మధ్య గుండ్రానికి ఎదురుగా పెట్టి, మెత్తని గుడ్డ అడ్డం పెట్టి నడిమధ్యన అరచేత్తో నొక్కాలి. అంచు మీద నొక్కితే అద్దం అక్కడే పగులుతుంది. క్లిప్పులు పట్టాక వేళ్లతో అద్దాన్ని కదిపి చూడండి, లటలటలాడకూడదు. టేపు తీసేసి, స్విచ్‌తో నాలుగు దిక్కులా తిప్పి, కొమ్ము ముడిచి తెరిచి, ఇండికేటర్ వేసి చూడాలి.

అప్పుడు సీట్లో కూర్చొని అద్దం సర్దుకోండి. మన బండి పక్క ఒక సన్నని గీతలా లోపలి అంచున కనిపించాలి, మిగతాదంతా రోడ్డే. ఎడమ వైపుది ఉబ్బు అద్దం కావడం వల్ల వెనక బండి ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. జాతర రద్దీలో ఆటోలు ఆ పక్కనుంచే దూరుతాయి కాబట్టి దాన్ని కూడా అప్పుడే సరిచూసుకుంటాను.

గుంతల రోడ్డు మీద ఒక పది కిలోమీటర్లు తిప్పి వచ్చి డొప్పను మళ్లీ నొక్కి చూశాను. ఒక లాకు అప్పుడు కూర్చుంది, టిక్కుమని. బామ్మర్ది పాత డొప్పను పెంటకుప్ప మీద వేయబోతే ఆపాను. దానికింకా మూడు లాకులు బాగున్నాయి. ఏబీఎస్ ప్లాస్టిక్ కనుక, రేపు ఇంకెవరిదైనా విరిగితే కోసి అతికించడానికి పనికొస్తాయని సీటు కింద డబ్బాలో పెట్టాను.