పెన్ మీద మీట: దాని పని మనమే చెప్పాలి



ఉప్పాడ జాందానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చాలామందికి తెలుసు. ఆ చీర మీది బుట్టా ముందు గ్రాఫ్ కాగితం మీద పుడుతుందన్న సంగతి మాత్రం మగ్గం ఇళ్ల వాళ్లకే బాగా తెలుసు. గ్రాఫ్‌లో ఒక్కో గడికి ఇన్ని పోగులని లెక్క. గడి తప్పితే పోగు తప్పుతుంది. సెలవుల్లో మా ఇంటి గ్రాఫ్‌లు నేను కంప్యూటర్లో పెన్ టాబ్లెట్‌తో గీస్తున్నాను.

వాకామ్ పెన్నులో బ్యాటరీ ఉండదు. పలక లోపలి తీగల నుంచి వచ్చే విద్యుదయస్కాంత సంకేతాన్ని పెన్నులోని తీగచుట్ట అందుకుని తిరిగి పంపుతుంది. మీట నొక్కితే ఆ సంకేతం కొంచెం మారుతుంది. పలకకు తెలిసేది 'మీట నొక్కారు' అన్నంత వరకే. దానికి ఏ పని చేయాలో నిర్ణయించేది కంప్యూటర్లోని డ్రైవర్.

ఇది తెలియక నేనొకసారి దెబ్బతిన్నాను. మన మార్పులు పెన్నులో దాక్కుంటాయనుకుని, మిత్రుడి కంప్యూటర్లో మామిడి పిందె బుట్టా గీశాను. అక్కడ కింది మీట మామూలు రైట్ క్లిక్కే. ఫొటోషాప్‌లో పెన్సిల్‌తో గీస్తూ వేలు తగిలితే సైజు పెట్టె తెరుచుకుంటుంది. అందులో పెన్ను తాకి ఒక గడి గీత రెండు గడులైంది. నేను గమనించలేదు. మగ్గం మీద సగం బుట్టా అయ్యాక నాన్న చూసి, "ఏరా, తొడిమ ఇంత లావేంటి?" అన్నాడు. చేత్తో వేసిన పేక పోగులు ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది. ఆ రోజు కూలి పోయినట్టే.

ఇప్పుడు నేను చేసేది చెబుతాను. వాకామ్ సెట్టింగ్స్‌లో పెన్ విభాగం తెరిచి, ముందుగా ఫొటోషాప్‌ను అప్లికేషన్ల జాబితాలో చేర్చాలి. అలా చేస్తే ఈ మార్పులు దానికే వర్తిస్తాయి, మిగతా చోట్ల మీట పాత పనే చేస్తుంది. కింది మీటకు 'మాడిఫైయర్' ఎంచుకుని ఆల్ట్ ఇవ్వాలి. అది నొక్కి పట్టి ఏ గడిని తాకితే ఆ రంగు పెన్సిల్‌కు వస్తుంది. జరీ రంగు, పట్టు రంగు మార్చి మార్చి నింపేటప్పుడు ఇదే ఎక్కువ అవసరం. జింప్ వాడేవాళ్లు ఆల్ట్‌కు బదులు కంట్రోల్ ఇవ్వాలి. పై మీటకు పాన్ ఇస్తే, నొక్కి పట్టి పెద్ద గ్రాఫ్‌ను జరుపుకోవచ్చు.

చాలామంది మీటకు అన్‌డూ ఇస్తారు. గ్రాఫ్ పనికి నాకది నచ్చదు. తెలియకుండా వేలు తగిలితే గీసిన గడులు చప్పుడు లేకుండా పోతాయి. అన్‌డూ కీబోర్డ్ మీదే ఉండనివ్వండి. మీట వేలికి మరీ అడ్డం వస్తుంటే పెన్నును కొంచెం తిప్పి పట్టుకోండి, అంతే.

వేరే కంప్యూటర్లో కూర్చుంటే ఇవన్నీ మళ్లీ పెట్టుకోవాలి. గ్రాఫ్ మొదలుపెట్టే ముందు ఖాళీ ఫైల్ తెరిచి రెండు మీటలూ నొక్కి చూడండి. ఇప్పుడు మా నాన్న ప్రింటు చేతికి తీసుకోగానే ముందు తొడిమ గడులు లెక్కపెడుతున్నాడు.